ఎక్స్‌ఎంఎల్ ఎడిటర్‌లో షరతులున్న భాగాలను చూపించడం, దాచడం ఎలా?

తాగునీటిలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌లతో తగ్గించే ‘నల్లగొండ పద్ధతి’ని నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన) సంస్థ రూపొందించింది. దానిపై ఒక సూచనల పుస్తకం తయారు చేస్తున్నామనుకుందాం. ఇంట్లో బకెట్‌తో నీళ్లు శుద్ధి చేసుకునేవారికీ, ఊరి ట్యాంకు చూసుకునే ఆపరేటర్‌కూ చెప్పవలసిన సంగతుల్లో చాలావరకు ఒకటే అయినా, నీటి పరీక్ష ఫలితాన్ని బట్టి పటిక మోతాదు లెక్కగట్టే పట్టిక వంటివి ఆపరేటర్‌కే అవసరం. వీరిద్దరి కోసం రెండు ఫైళ్లు పెట్టుకుంటే, ఒకదానిలో దిద్దిన అంకె రెండోదానిలో పాతదిగానే మిగిలిపోతుంది. ఒకే ఫైలులో రాసి, ఎవరికి అక్కరలేని భాగాన్ని వారి ప్రతి నుంచి తప్పించే ఏర్పాటును డిటా (సూచనల పుస్తకాల వంటివాటిని ఎక్స్‌ఎంఎల్ గుర్తులతో భాగాలుగా రాసే పద్ధతి) ప్రమాణంలో ప్రొఫైలింగ్ అంటారు. 2005లో ఒయాసిస్ అనే ప్రమాణాల సంస్థ ఆమోదించిన ఈ ప్రమాణాన్ని పలు ఎడిటర్లు పాటిస్తాయి. ఇక్కడ చెప్పే మెనూ పేర్లు మాత్రం ఆక్సిజన్ ఎక్స్‌ఎంఎల్ ఎడిటర్‌వి.

మొదటి పని, ఏ భాగం ఎవరిదో గుర్తించడానికి వాడే విలువల జాబితాను ఖరారు చేయడం. ప్రిఫరెన్సెస్‌లో ‘ప్రొఫైలింగ్/కండిషనల్ టెక్స్ట్’ పేజీ తెరిచి, ఆడియన్స్ అనే ఆట్రిబ్యూట్‌కు (ఆ భాగం ఎవరి కోసమో చెప్పే లక్షణానికి) ‘ఇల్లు’, ‘ఆపరేటర్’ అనే రెండు విలువలు చేర్చండి. విలువలు తెలుగులో ఉండవచ్చు, కానీ రెండు జాగ్రత్తలు తప్పనిసరి. డిటాలో ఖాళీ అంటే ఒక విలువ ముగిసి మరొకటి మొదలైనట్టు. కాబట్టి ‘గ్రామ ఆపరేటర్’ అని రాస్తే అది ‘గ్రామ’, ‘ఆపరేటర్’ అనే రెండు విలువలవుతుంది. రెండోది ఇంకా చిక్కైనది. పొల్లుతో ముగిసే పదం చివర కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని ఒక అక్షరాన్ని చేరుస్తాయి. అది ఉన్న ‘ఆపరేటర్’, లేని ‘ఆపరేటర్’ తెరపై ఒకేలా ఉన్నా, సాఫ్ట్‌వేర్‌కు వేర్వేరు పదాలే. అందువల్ల విలువను ప్రతిచోటా టైపు చేయకుండా, జాబితాలోంచి ఎంచుకోవడమే అలవాటు చేసుకోవాలి.

తర్వాత, పుస్తకం పేజీలా కనిపించే ఆథర్ మోడ్‌లో మోతాదు పట్టికపై కర్సర్ ఉంచి, రైట్‌క్లిక్ చేసి, ‘ఎడిట్ ప్రొఫైలింగ్ ఆట్రిబ్యూట్స్’ ఎంచుకుని, ఆడియన్స్ కింద ‘ఆపరేటర్’కు టిక్ పెట్టండి. ఇద్దరికీ వర్తించే పేరాకు ఏ విలువా ఇవ్వనక్కరలేదు. వాక్యంలో సగం ఒకరికి, సగం మరొకరికి అన్నట్టు మాటలను ముక్కలు చేయకపోవడం మేలు; తెలుగులో క్రియ చివర వస్తుంది కనుక, మధ్యలో ఒక మాట తొలగితే వాక్యమంతా కుంటుతుంది. పేరానో, స్టెప్పునో మొత్తంగా గుర్తించండి.

ఇప్పుడు అదే ప్రిఫరెన్సెస్ పేజీలో ‘ఇంటి ప్రతి’ అనే కండిషన్ సెట్ (ఏ విలువలున్న భాగాలు ఉండాలో చెప్పే షరతుల జాబితా) తయారుచేసి, అందులో ‘ఇల్లు’ విలువను మాత్రమే చేర్చండి. టూల్‌బార్‌లోని ప్రొఫైలింగ్ బటన్ పక్క బాణాన్ని నొక్కి ఆ సెట్‌ను ఎంచుకుంటే ఆపరేటర్ భాగాలు తొలగినట్టు కనిపిస్తాయి. అదే మెనూలోని ‘షో ఎక్స్‌క్లూడెడ్ కంటెంట్’కు టిక్ పెడితే అవి మాయమవకుండా బూడిదరంగులో ఉంటాయి, టిక్ తీస్తే పూర్తిగా దాగుతాయి. రాసే సమయంలో టిక్ ఉంచడమే నా సలహా. దాగిన పట్టిక ఉన్న సెక్షన్‌ను డిలీట్ చేస్తే, కంటికి కనిపించని ఆ పట్టిక కూడా దానితో పాటే పోతుంది. పూర్తిగా దాచడం చివర్లో ఒకసారి పాఠకుడి కళ్లతో చదువుకోవడానికే పనికొస్తుంది. అనుమానం వస్తే, ఎక్స్‌ఎంఎల్ గుర్తులతో సహా చూపే టెక్స్ట్ మోడ్‌లోకి మారండి. అక్కడ ఏదీ దాగదు.

ఒక ఎలిమెంట్‌కు (పేరా, పట్టిక వంటి భాగానికి) ఒకటికి మించి విలువలుంటే ఏమవుతుందన్న దగ్గరే ఎక్కువమంది తడబడతారు. ఒకే ఆట్రిబ్యూట్‌లో ‘ఇల్లు’, ‘ఆపరేటర్’ రెండూ ఉంటే, రెండింటినీ మినహాయించినప్పుడే ఆ భాగం పోతుంది. వేర్వేరు ఆట్రిబ్యూట్లలో ఉంటే మాత్రం నియమం తిరగబడుతుంది: ఆడియన్స్‌లో ‘ఇల్లు’, ప్రోడక్ట్‌లో ‘బకెట్’ అని ఉన్న పేరా, ఫిల్టర్ ‘బకెట్’ను మినహాయిస్తే చాలు, ‘ఇల్లు’కు అనుమతి ఉన్నా తొలగిపోతుంది.

ఇక ముఖ్యమైన సంగతి: ఎడిటర్‌లో దాచినంత మాత్రాన పీడీఎఫ్‌లో దాగదు. పీడీఎఫ్ తయారుచేసే ట్రాన్స్‌ఫర్మేషన్ సినారియోను (ఆ మార్పిడికి సంబంధించిన సెట్టింగులను) ఎడిట్ చేసి, ‘ఫిల్టర్స్’ ట్యాబ్‌లో అదే కండిషన్ సెట్‌ను గానీ, డిటావాల్ ఫైలును (ఏ విలువలను ఉంచాలో, ఏవి మినహాయించాలో రాసిన ఫైలును) గానీ విడిగా ఇవ్వాలి. డిటావాల్‌లో ప్రస్తావించని విలువ మామూలుగా ప్రతిలో చేరిపోతుంది. పైన చెప్పిన కనిపించని అక్షరం వల్ల ఆపరేటర్ పట్టిక ఇంటి ప్రతిలోకి జారిపోయేది ఈ దారిలోనే. పీడీఎఫ్ వచ్చాక ‘మోతాదు’ వంటి మాటను వెతికి చూడండి. ‘పై పట్టిక చూడండి’ అన్న లింకు ఉండి పట్టిక లేకపోతే, ఆ లింకున్న వాక్యానికి కూడా ‘ఆపరేటర్’ విలువ ఇచ్చి మళ్లీ పీడీఎఫ్ తీయండి.