యజమాని తప్పుకున్నా నడిచే వ్యాపారం: పగ్గాలు అప్పగించే పద్ధతి

వారసుడెవరో ప్రకటించేస్తే పని అయిపోయిందనుకుంటారు చాలామంది. నిజానికి చేతులు మారాల్సినవి మూడు: వాటాలు, పెత్తనం, యజమాని బుర్రలో ఉన్న లెక్కలు. వాటాలది కాగితాల పని, నెలల్లో తేలిపోతుంది. మిగతా రెండింటికీ 3 నుంచి 5 ఏళ్లు పెట్టుకోవాలి, అందుకే ముందు వాటితో మొదలుపెట్టాలి.

నెలరోజులు ఒక నోటుపుస్తకం దగ్గర పెట్టుకోండి. "ఇదేం చేయమంటారు?" అని ఎవరొచ్చి అడిగినా మూడు గడుల్లో రాయండి: ప్రశ్న, మీ జవాబు, కారణం. అసలు సరుకంతా మూడో గడిలోనే ఉంటుంది. "ఈ కస్టమరుకు 45 రోజుల అరువు ఇవ్వు" అన్నది జవాబు. "వీళ్లకు ఏడాది చివర్లో డబ్బు ఆలస్యంగా వస్తుంది, ఇంతవరకు ఎగ్గొట్టలేదు, 60 రోజులు దాటితే మాత్రం సరుకు ఆపెయ్" అన్నది కారణం. అది తెలియనివాడు రేపు అందరికీ 45 రోజులిచ్చి మునుగుతాడు, లేదంటే ఎవరికీ ఇవ్వక పాత ఖాతాలు పోగొట్టుకుంటాడు. నెలాఖరుకి ప్రశ్నలన్నీ డిస్కౌంట్లు, అరువులు, కొనుగోళ్లు, నియామకాలుగా విడగొట్టి, ఎంత మొత్తం వరకు ఎవరు మిమ్మల్ని అడక్కుండా నిర్ణయించవచ్చో రాసి అందరికీ ఇవ్వండి.

తర్వాత తాళంచెవులు. బ్యాంకులో ఒక్కరి సంతకమే చెల్లుతుంటే, ఆ ఒక్కరూ ఆసుపత్రిలో ఉన్న నెల జీతాలు ఆగిపోతాయి. రెండో సంతకం ఇప్పుడే చేర్పించండి. ఓటీపీలు వచ్చే ఫోన్ నంబరు, వెబ్‌సైట్ డొమైన్, అద్దె ఒప్పందం ఎవరి పేరున ఉన్నాయో చూసి సంస్థ పేరుకు మార్చండి. ఎక్కువమంది మరిచిపోయేది అప్పులకిచ్చిన వ్యక్తిగత హామీ. కుర్చీ దిగినంత మాత్రాన అది రద్దు కాదు; అప్పిచ్చినవాళ్లు కాగితం మీద విడుదల చేసేదాకా మీ సొంత ఆస్తికి ముప్పు తప్పదు.

మనిషిని హోదా ఇచ్చి కాదు, లాభనష్టాల బాధ్యత ఇచ్చి పరీక్షించాలి. ఒక శాఖను ఏడాదిపాటు పూర్తిగా వదిలేయండి, ఎంత నష్టం దాకా మీరు కలగజేసుకోరో ముందే అంకె చెప్పండి. 578లో మొదలైన జపాన్ నిర్మాణ సంస్థ కొంగో గుమిలో, కొడుకు సమర్థుడు కాకపోతే అల్లుడికి ఇంటిపేరిచ్చి పగ్గాలప్పగించిన సందర్భాలున్నాయి. అంతటి సంస్థా 2006లో అప్పుల వల్ల మరో కంపెనీ చేతికి వెళ్లింది. కాబట్టి అప్పగించే ముందు అప్పు కూడా తగ్గించండి.

పెద్ద కస్టమర్లను మూడు విడతల్లో అప్పగించండి. మొదటిసారి ఇద్దరూ వెళ్లి మీరు మాట్లాడండి. రెండోసారి వారసుడు మాట్లాడాలి, మీరు నోరు మెదపకూడదు. కష్టమంతా ఇక్కడే, కస్టమరు ప్రతి ప్రశ్నా మీ ముఖం చూసే అడుగుతాడు. మూడోసారి మీరు వెళ్లకండి.

ఇక అసలు పరీక్ష. జీతాల రోజు, పన్నుల గడువు రెండూ పడేలా చూసుకుని రెండు వారాలు ఫోన్ ఎత్తకుండా ఉండండి. ఏది ఆగిందో, ఎందుకు ఆగిందో నోటుపుస్తకంలోకి. మరుసటి ఏడాది ఇదే పరీక్ష నెలరోజులపాటు పెట్టండి.

వాటాల్లో సమానంగా పంచడమే పెద్ద చిక్కు. ఇద్దరికి 50-50 ఇస్తే మాట కుదరని రోజు ఏ నిర్ణయమూ ముందుకు కదలదు. వ్యాపారంలో పనిచేసేవారికి ఓటు హక్కున్న వాటాలు, మిగతావారికి లాభంలో భాగం మాత్రమే వచ్చే వాటాలు ఇవ్వవచ్చేమో లాయరుతో మాట్లాడండి. ఎవరైనా తప్పుకుంటే వాటా ఎవరు కొనాలి, విలువ ఎలా కట్టాలి, ఎన్ని వాయిదాల్లో చెల్లించాలి అన్నది ఇప్పుడే, అందరూ సఖ్యంగా ఉండగానే రాసుకోవాలి. యజమాని హఠాత్తుగా పోతే ఆ డబ్బు జీవిత బీమా నుంచి వచ్చేలా చూడవచ్చు.

ఇన్ని చేసీ, దిగిపోయిన యజమాని పాత గదిలోనే కూర్చుంటే సిబ్బంది అక్కడికే వెళ్తారు. వారసుడి నిర్ణయాన్ని వాళ్ల ముందు ఒక్కసారి తిప్పేసినా ఇక అతని మాట చెల్లదు. అభ్యంతరం ఉంటే తలుపు వేసుకుని చెప్పండి. సలహాదారుగా ఉంటే ఏడాది మించకుండా తేదీ రాసుకోండి. తప్పుకోవడానికి అడ్డుపడేది తరచూ ఇంటి ఖర్చే: సంస్థ జీతం మీదే బతుకుతున్న యజమాని తేదీని వాయిదా వేస్తూనే ఉంటాడు. వ్యాపారంతో సంబంధం లేని ఆదాయం ఏర్పడ్డాకే ఆ తేదీ ప్రకటించండి.