చౌక ఎలక్ట్రిక్ కారు బుక్ చేసేముందు మీటరు బోర్డు చూడండి

హనుమకొండలో ఇళ్లకు వైరింగ్ చేయడం నా పని. కారు ఇంటికొచ్చాక ఛార్జింగ్ పాయింట్ కోసం నన్ను పిలిచేవాళ్లే ఎక్కువ. బుక్ చేయకముందే పిలిస్తే ఏ కారు సరిపోతుందో కూడా తేలిపోతుంది.

ధర ఎక్కడ తగ్గించారో ముందు చూడండి. టాటా 2022లో టియాగో ఈవీని 8.49 లక్షల ప్రారంభ ధరకు తెచ్చింది. 2023లో ఎంజీ కామెట్ 7.98 లక్షలకు వచ్చింది. ఇలాంటి కారులో అన్నిటికంటే ఖరీదైనది బ్యాటరీ. అందుకే దాన్నే చిన్నది చేశారు. కామెట్ బ్యాటరీలో 17.3 యూనిట్ల కరెంటు, టియాగో చిన్న మోడల్‌లో 19.2 యూనిట్లు పడతాయి.

కాబట్టి మీరు రోజూ తిరిగే దూరం కాగితం మీద రాసుకోండి. ఈ టియాగోకు కంపెనీ 250 కిలోమీటర్లు చెప్పింది. ఏసీ వేసుకుని తిరిగేవాళ్లను 160 వరకే లెక్క పెట్టుకోమంటాను. ఆఫీసు, పిల్లల స్కూలు, కాజీపేట స్టేషన్ వరకైతే ధారాళంగా సరిపోతుంది. నెలకు నాలుగుసార్లు హైదరాబాద్ వెళ్లి అదే రోజు తిరిగొచ్చే పనుంటే మాత్రం ఒక్కోసారి దాదాపు మూడొందల కిలోమీటర్లు. దారిలో డీసీ ఫాస్ట్ ఛార్జింగ్, అంటే స్టేషన్‌లో బ్యాటరీని త్వరగా నింపుకోవడం, తప్పదు. టియాగోకు అది ఉంది, కామెట్‌కు లేదు.

ఇక పాయింట్ సంగతి. దీనిమీద మాత్రం పిసినారితనం వద్దు. కారుతో వచ్చే మామూలు ఛార్జర్ సుమారు 3 కిలోవాట్లు లాగుతుంది, అదీ ఆరేడు గంటలు ఏకధాటిగా. గీజర్ పావుగంటలో ఆగిపోతుంది, ఇది ఆగదు. అందుకే పాత సాకెట్‌కో, ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కో తగిలించకండి, ప్లగ్గు కరిగిపోతుంది. మీటరు బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగించి, మంచి 16 ఆంప్స్ సాకెట్, దానికో ఎంసీబీ (లోడ్ మించితే పడిపోయే స్విచ్), 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) పెట్టించండి.

ఎర్తింగ్ బాగోలేకపోతే చాలా ఛార్జర్లు ఎర్రలైటు చూపించి ఆగిపోతాయి. చాలామంది కారు పాడైందని టెన్షన్ పడతారు. ఎలక్ట్రీషియన్ కొలిచినప్పుడు న్యూట్రల్ వైరుకీ ఎర్త్ వైరుకీ మధ్య రెండు మూడు వోల్టులు దాటితే ముందు ఎర్తింగ్ సరిచేయించండి. ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎండిపోతుంది, నీళ్లు పోస్తూ ఉండాలి. కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్, అంటే మీ కనెక్షన్‌కు మంజూరైన కిలోవాట్లు, కూడా చూడండి. ఒకటో రెండో కిలోవాట్లే ఉంటే అదనపు లోడ్‌కు దరఖాస్తు పెట్టండి.

బ్యాటరీ అద్దె పథకం చూసి తొందరపడకండి. 2024లో ఎంజీ విండ్సర్‌ను బ్యాటరీ లేకుండా 9.99 లక్షలకు, కిలోమీటరుకు 3.5 రూపాయల అద్దెతో ప్రకటించారు. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగితే అద్దే 5,250 రూపాయలు. కరెంటు ఖర్చు వేరే. తక్కువ తిరిగినా కట్టాల్సిన కనీస మొత్తం ఎంతో ఒప్పందంలో చదివాకే సంతకం పెట్టండి.

తెలంగాణలో ఎలక్ట్రిక్ కార్లకు 2026 డిసెంబర్ 31 వరకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఉందని ప్రభుత్వం ప్రకటించింది. షోరూమ్ వాళ్లిచ్చే ఆన్‌రోడ్ కొటేషన్‌లో ఆ రెండు వరుసలు విడిగా అడిగి చూసుకోండి.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే అసోసియేషన్ అనుమతి కాగితం మీద తీసుకుని, మీ సొంత మీటరు నుంచే పార్కింగ్‌కు లైను లాగించండి. ఆ దూరం ముప్పై మీటర్లు దాటితే 4 బదులు 6 స్క్వేర్ ఎంఎం వైరు వేయమని అడగండి.