సదరం పునఃపరిశీలనకు పిల్లాణ్ణి తీసుకెళ్లే ముందు

మాది చీమకుర్తి. మా వాడికి తొమ్మిదేళ్లు, సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కండరాలు సరిగా మాట వినని స్థితి. వాళ్ల నాన్నది గ్రానైట్ క్వారీలో పని. నెలకు వచ్చే 6,000 వికలాంగుల పింఛనులో 2,400 ఒంగోల్లో ఫిజియోథెరపీకే పోతుంది. వారానికి రెండుసార్లు, సారికి 300. సదరం, అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు తేల్చే పరీక్ష, మళ్లీ చేస్తామని నోటీసు రాగానే నాకు ముందు గుర్తొచ్చింది వాడి బిగుసుకునే మడమలే.

ఆధార్, పాత సర్టిఫికెట్, నోటీసు ఎలాగూ పట్టుకెళ్తారు. థెరపిస్టు రాసిచ్చే కాగితం వాటికంటే ముఖ్యం. "మెరుగుపడుతున్నాడు" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టనివ్వకండి. సాయం లేకుండా ఎన్ని అడుగులు వేస్తాడు, అన్నం తానే కలుపుకుంటాడా, కాలిపర్లు (కాళ్లకు ఆసరాగా కట్టే పట్టీలు) తీస్తే ఏమవుతుంది, థెరపీ ఆగితే ఏ కండరం బిగుస్తుంది, అన్నీ రాయించండి. మేం అలా రాయించలేదు. ఆ రోజు వాడు డాక్టరు ముందు హుషారుగా నాలుగడుగులు వేశాడు. నేనూ మురిసిపోతూ నిలబడ్డాను. ఆ తర్వాత సాయంత్రం దాకా మంచం దిగలేడని చెప్పాల్సింది నేనే, చెప్పలేదు. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

వైకల్యం 40 శాతం కన్నా తగ్గిందంటే పింఛను ఆగుతుంది. అప్పుడు ఎంపీడీవో ఆఫీసులో అప్పీలు పెట్టండి. అందినట్టు తేదీ, సంతకం వేయించుకోండి.

అది తేలేదాకా థెరపీ మానకండి. డబ్బు ఇబ్బంది థెరపిస్టుకు దాచకుండా చెప్పండి. వారానికి ఒకసారే వెళ్లినా, ఇంట్లో కాళ్లు ఎలా సాగదీయాలో నేర్పమని అడిగి ఫోన్లో వీడియో తీసుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం కాబట్టి, వెంట తల్లే వెళ్తే ఆ చార్జీ మిగులుతుంది.