డంపు పక్కన ప్లాటు కొంటున్నారా? అడ్వాన్సు ఇచ్చే ముందు పరీక్ష ఇలా

విశాఖ దగ్గర ఫ్యాక్టరీలున్న పరవాడ వైపో, గాజువాక–మింది వైపో ప్లాటు చూడ్డానికి వెళ్లిన ప్రతివాళ్లూ "ఫ్యాక్టరీ వ్యర్థాల డంపు ఎంత దూరం?" అనే అడుగుతారు. ప్రమాదకర వ్యర్థాల పాతరకూ జనావాసానికీ మధ్య 500 మీటర్లు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలు చెప్తాయి. అది పాతర ఎక్కడ పెట్టాలో చెప్పే లెక్క. మీ బోరు నీళ్లకు అది హామీ కాదు. పల్లంలో కిలోమీటరు దూరానున్న ఇల్లు దెబ్బతినొచ్చు, మెరకన 300 మీటర్లలో ఉన్నది బాగానే ఉండొచ్చు. కాబట్టి విషం ఏ దారిన ఇంట్లోకి రాగలదో వెతకండి. నీళ్లు, మట్టి, గాలి, ఈ మూడే దారులు.

ముందు స్థలం చరిత్ర. ఈసీలో (రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) యజమానులు కనిపిస్తారు, పూడ్చిన చెత్త కనిపించదు. గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు ఒక్కో ఏడాదీ వెనక్కి తిప్పి చూడండి. ఊళ్లో పెద్దవాళ్లను "ఈ గెడ్డ (వాగు) ఎటు పోతాదండీ? ఈ పల్లం దేంతో కప్పారు?" అని అడగండి. బూడిదతోనో ఫ్యాక్టరీ శిథిలాలతోనో మెరక చేసిన ప్లాటైతే డంపు దూరంగా ఉన్నా పరీక్ష తప్పదు. డంపు చుట్టూ ఉన్న పరిశీలన బావుల నీటి నివేదికలను సమాచార హక్కు కింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిని అడగొచ్చు.

తర్వాత వాలు, గాలి. ఇక్కడ చాలాచోట్ల ఎర్రమట్టి కింద ఖొండలైట్ రాయి ఉంటుంది. పైన శిథిలమైన పొరలో నీరు సాధారణంగా నేల వాలునే పోతుంది, రాతి పగుళ్లలో మాత్రం దాని ఇష్టం. అందుకే పక్కింటి బోరు రిపోర్టు మీ బోరుకి పనికిరాదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి కాబట్టి ఆ నెలల్లో డంపుకి ఈశాన్యాన ఉన్నవాళ్లకే దుమ్ము, వాసన.

ఇక నమూనాలు. చాలామంది డబ్బు వృథా చేసేది ఇక్కడే. మామూలు "తాగునీటి పరీక్ష"లో పీహెచ్, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం), కాఠిన్యం చూసి సరే అంటారు. టీడీఎస్ 300 ఉన్న నీళ్లలోనూ సీసం ఉండొచ్చు. ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపున్న ల్యాబ్‌లో సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, క్రోమియం, పాదరసం అని పేర్లు రాసి అడగండి. ఫార్మా, రసాయన వ్యర్థాలైతే ఆవిరయ్యే ద్రావకాలు కూడా.

బోరు 15 నిమిషాలు వదిలాక పట్టండి. లోహాలకు ల్యాబ్ ఇచ్చిన నైట్రిక్ ఆమ్లం వేసిన సీసా వాడండి, దాన్ని కడగకూడదు. ఆమ్లం లేకపోతే లోహం సీసా గోడకు అంటుకుని రిపోర్టు తక్కువ చూపిస్తుంది. ద్రావకాలకు చిన్న గాజు సీసా నిండా పట్టాలి, బుడగ మిగిలితే ఆవిరి అందులోకి పోతుంది. మట్టికి పై 15 సెంటీమీటర్లలోంచి కనీసం ఐదు చోట్ల తీసి కలపండి. జింకు పూత పార వాడితే జింకు విలువ చెడుతుంది, స్టీలు గరిటె చాలు. నీటి పరీక్ష మే నెలలో ఒకసారి, వానలయ్యాక మరోసారి చేయించండి.

రిపోర్టులో తాగునీటి ప్రమాణాలు సీసానికి లీటరుకి 0.01 మిల్లీగ్రాము, కాడ్మియానికి 0.003. కాడ్మియం 0.009 వచ్చిందనుకోండి. రోజుకి లీటరు తాగే 15 కిలోల బిడ్డకి కిలో బరువుకి 0.0006 మిల్లీగ్రాము పడుతుంది. నీటి ద్వారా రోజుకి కిలో బరువుకి 0.0005 మిల్లీగ్రాము మించకూడదన్నది అమెరికా పర్యావరణ సంస్థ విలువ. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.2, ఒకటి దాటిందంటే హద్దు మించినట్టే. అవే నీళ్లు రెండు లీటర్లు తాగే 60 కిలోల తండ్రికి 0.6 మాత్రమే. లెక్క ఎప్పుడూ పసివాళ్లకే వేయండి. సీసానికి ఈ లెక్కే లేదు, దానికి సురక్షిత మోతాదు అంటూ లేదు.

లోహాలున్న నీళ్లను కాచొద్దు, ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడతాయి. మట్టి రిపోర్టు రాకముందు అడ్వాన్సు అడిగితే, "పరీక్షలో ప్లాటు నెగ్గకపోతే మొత్తం వాపసు" అని అగ్రిమెంటులో రాయించుకోండి.