రాత్రి నడక మధ్యలో ఆగిపోకుండా: నా అనుభవం

"రోజూ గంట నడవాలి" అని మొదలుపెడితే రెండో వారానికే ఆగిపోతుంది. నాకు కుదిరిన మార్గం, నడకను గడియారానికి కాకుండా ఎలాగూ తప్పని పనికి ముడిపెట్టడం. మజ్జిగన్నం తిని కంచం సింకులో పెట్టగానే చెప్పులేసుకోవాలి. మధ్యలో సోఫాలో కూర్చున్నామా, ఇక లేవం. అందుకే చెప్పులు గుమ్మం దగ్గరే, ఫోను చార్జింగులో.

మొదటి రెండు వారాలు 10 నిమిషాలే, ఓపికున్నా పెంచొద్దు. తర్వాత వారానికి 2 నిమిషాల చొప్పున. వానపడితే వరండాలో 5 నిమిషాలైనా చాలు, వేళ మాత్రం తప్పకూడదు.

21 రోజుల్లో అలవాటైపోతుందన్న మాట నమ్మొద్దు. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధనలో తేలిన సగటు 66 రోజులు. మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. ఒక రోజు తప్పితే పెద్ద నష్టం లేదనీ అందులోనే తేలింది. మర్నాడు రెట్టింపు నడిచి కాళ్లు పట్టేయించుకోవద్దు, మామూలుగా నడవండి.