మిరుగం (మృగశిర కార్తె) రాకముందే నేల ఆర్కిడ్ గడ్డలకు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

రోహిణి కార్తె ఎండలో హనుమకొండలోని మా డాబా మీది కుండీలు చూస్తే వాటిలో ఏమీ లేదనిపిస్తుంది. ఆకు లేదు, మొలక లేదు. ఇసుకలో సగం మునిగిన పచ్చని గడ్డలు, వాటి చుట్టూ ఎండిన పొరలు, అంతే. మా అమ్మ ప్రతి ఏడూ "ఇవి పోయినట్టున్నయి బిడ్డా, కొత్తిమీర అలుకుదాం" అంటుంది. అవి పోలేదు, నిద్రలో ఉన్నాయి. వాటికి అసలు గండం ఈ ఎండతో కాదు. మొదటి వాన పడ్డాక ఆకులు పూర్తిగా విచ్చుకునే దాకా ఉండే ఐదారు వారాలతో. నేను పోగొట్టుకున్న గడ్డలన్నీ ఆ రోజుల్లోనే కుళ్లిపోయాయి. అందుకే చేయాల్సిన పనులు మే నెలలోనే చేసుకోవాలి.

ఆర్కిడ్ అనగానే మనకు మామిడి, ఇప్ప చెట్ల కొమ్మలను పట్టుకుని పెరిగే బదనిక గుర్తొస్తుంది. కానీ మన అడవుల్లో, చెలకల్లో నేలలో గడ్డ వేసి బతికేవి కూడా ఉన్నాయి. ఎండాకాలంలో ఆకు లేకుండా పొడవాటి కాడ మీద పూసే యులోఫియా గ్రామినియా, రెండు ఆకులను నేలకు అతికించినట్టు పరిచి తెల్లగా పూసే హబెనేరియా రాక్స్‌బర్గై, ముందు పువ్వు పూసి తర్వాత ఒకే ఒక్క ఆకు వేసే నెర్విలియా, పూలగుత్తిని కిందికి వంచే జియోడోరం. ఇంట్లో పెంచాలనుకుంటే యులోఫియాతోనే మొదలుపెట్టండి. అది ఇసుక నేలకు, ఎండకు అలవాటు పడ్డ మొక్క. దాని గడ్డ నిజానికి ఉబ్బిన కాండం. ఎక్కువ భాగం నేల పైనే ఉంటుంది కాబట్టి బాగుందో లేదో కంటితోనే తెలుస్తుంది. హబెనేరియా గడ్డలు మట్టి లోపల ఉంటాయి. కుండీలో అది ఒక ఏడు బాగుండి, మరుసటి ఏడు కనిపించకుండా పోతుంది. దాన్ని అడవిలోనే చూసి రావడం మేలు.

మొక్క ఎక్కడిది అన్నదే అన్నిటికంటే ముందు చూసుకోవాల్సిన జాగ్రత్త. ఏటూరునాగారం, పాకాల, కవ్వాల్ లాంటి అభయారణ్యాల్లో అనుమతి లేకుండా మొక్క తీయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చట్టం మాట పక్కన పెట్టినా, తవ్వి తెచ్చిన గడ్డ బతకడం కష్టం. ఆర్కిడ్ గింజ ధూళి అంత సన్నగా ఉంటుంది. మొలకకు తిండి పెట్టే పప్పు అందులో ఉండదు. మట్టిలోని ఒక రకం బూజు దాని లోపలికి చేరి తిండి అందిస్తేనే మొలకెత్తుతుంది. ఈ సంగతిని 1899లో ఫ్రాన్స్‌కు చెందిన నోయెల్ బెర్నార్డ్ కనిపెట్టాడు, అదీ ఒక నేల ఆర్కిడ్ మొలకల్లోనే. పెద్దయ్యాక కూడా చాలా నేల ఆర్కిడ్లు ఆ బూజు సాయంతోనే నడుస్తాయి. గడ్డను పెకిలిస్తే ఆ చుట్టరికం తెగిపోతుంది.

మా యులోఫియా గడ్డలు కాజీపేట వైపు మా చిన్నాయన వాళ్ల పడావు చెలకలోవి. ఆ భూమి ప్లాట్లుగా మారబోతుంటే, జేసీబీ రాకముందు ఆయనను అడిగి తీసుకున్నాం. ఇలా ఎలాగూ పోయేచోట, భూమి గలవాళ్ల ఒప్పుదలతో తెచ్చుకోవచ్చు. లేదంటే ల్యాబులో గింజ నుంచి పెంచిన మొక్కలు అమ్మే నర్సరీలో కొనండి. తెగిన వేర్లు, వాటికి అంటుకున్న అడవి మట్టి, ఒక్కోటి ఒక్కో సైజులో ఉన్న గడ్డలు కనిపిస్తే అవి తవ్వి తెచ్చినవే అయి ఉంటాయి. వాటిని కొనకండి. కొనేవాళ్లు ఉన్నంత కాలం తవ్వేవాళ్లు ఉంటారు.

ఇక కుండీ పని. మట్టి మార్చాలన్నా, గడ్డలు విడదీయాలన్నా మొలక కనిపించక ముందే, అంటే రోహిణిలోనే ముగించాలి. మొలక వచ్చాక దాని అడుగున కొత్త వేర్లు పుడతాయి. అవి గాజుపుల్లల్లా ఉంటాయి, చేయి తగిలితే పుటుక్కున విరుగుతాయి. ఆ ఏడాదికి మళ్లీ సరిపడా వేర్లు వేసే శక్తి గడ్డకు ఉండదు. విడదీసేటప్పుడు ఒక్కో ముక్కకు కనీసం రెండు మూడు గడ్డలు ఉండాలి. ఒంటి గడ్డ బతికినా పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది. కత్తిని ప్రతి మొక్కకూ ముందు మంట మీద కాల్చాలి. ఆర్కిడ్లలో వైరస్ రోగాలు ఎక్కువగా కత్తి మీది రసంతో ఒకదాని నుంచి ఇంకోదానికి పాకుతాయి, వాటికి మందు లేదు. కోసిన చోట బొగ్గుపొడి అద్ది, రెండు మూడు రోజులు నీడలో ఆరనిచ్చి నాటండి.

మట్టి విషయంలో మన వైపు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఎర్రమట్టి, పశువుల ఎరువు చెరి సగం కలిపి నింపేస్తారు. గులాబీకి అది నడుస్తుంది. దీనికి నడవదు. ఎర్రమట్టి రెండు వానలకే గట్టిపడి నీటిని పట్టుకుంటుంది, రేగడి అయితే ఇక చెప్పనక్కరలేదు. నేను రెండు పాళ్లు దొడ్డు ఇసుక, ఒక పాలు చిన్న ఇటుక ముక్కలు, ఒక పాలు బాగా మాగిన ఆకుకుళ్లు, ఒక గుప్పెడు చెలక మట్టి కలుపుతాను. ఇసుకను రెండు మూడు నీళ్లలో కడిగితే సన్నటి ఒండ్రు పోతుంది. ఆ ఒండ్రే కుండీ అడుగున పేరుకుని రంధ్రాలు మూసేస్తుంది. మట్టి కుండీ వాడండి, ప్లాస్టిక్ కంటే తొందరగా ఆరుతుంది. గడ్డను ఉల్లిగడ్డలాగా సగం పైకి కనిపించేలా పెట్టాలి. పూర్తిగా కప్పితే మొలక వచ్చే చోటే తేమ నిలుస్తుంది.

మిరుగం నాడు వాన పడగానే చేయి ఊరుకోదు. నెలల తరబడి ఎండిన కుండీని చూసి చూసి, రెండు చెంబులు పోయాలనిపిస్తుంది. పోయకండి. అప్పటికి గడ్డకు పనిచేసే వేర్లు లేవు. పాత వేర్లు చాలావరకు ఎండిపోయాయి, కొత్తవి రాలేదు. తాగేవాళ్లు లేనిచోట నీళ్లు పెడితే అవి అక్కడే నిలిచి గడ్డను కుళ్లిస్తాయి. నీళ్లకు లెక్క కార్తె కాదు, వాన కాదు, మొలక. అది బొటనవేలంత అయ్యే దాకా వారానికి ఒకసారి కుండీ అంచు వెంట కొద్దిగా తడిపితే చాలు. మూడు నాలుగు అంగుళాలు పెరిగి ఆకు విప్పడం మొదలైతే వేర్లు దిగినట్టే. అప్పుడు ధారాళంగా పోయవచ్చు. అనుమానం ఉంటే ఒక చీపురుపుల్లను కుండీ అంచు దగ్గర అడుగు దాకా గుచ్చి, కాసేపు ఉంచి తీయండి. పుల్ల తడిగా వస్తే ఆ రోజు నీళ్లు వద్దు.

మొదటి ఏడాది నాకు ఈ లెక్క తెలియదు. 2023 జులైలో పట్టిన ముసురు ఈ వైపు వాళ్లెవరూ మరచిపోరు. జులై 27 ఉదయానికి 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. హనుమకొండలో మా వీధి కూడా చెరువైంది. అప్పటికి మా గడ్డలకు మొలకలు చిటికెన వేలంత ఉన్నాయి. కుండీలు సన్‌షేడ్ అంచు కింద పెట్టాను, నీడ బాగుందని. పైనుంచి ధార సరిగ్గా కుండీల మీదే పడింది. ఇంట్లోకి నీళ్లొస్తాయన్న టెన్షన్‌లో మూడు రోజులు పైకి వెళ్లలేదు. నాలుగో రోజు వెళ్లి పట్టుకుంటే మొలక చేతిలోకి ఊడి వచ్చింది, పులిసిన వాసనతో. ఐదు గడ్డల గుంపులో రెండే మిగిలాయి. ఇప్పుడున్న మొక్కలన్నీ ఆ రెండింటి పిల్లలే.

అప్పటి నుంచి జూన్ మొదటి వారంలోనే కుండీలను చూరు ధార పడని చోటికి, ఇటుకల మీదికి ఎక్కిస్తాను. కింద పళ్లెం పెట్టను. మబ్బు ఆగకుండా రెండు రోజులు కురిస్తే గాలి ఆడే వరండాలోకి తెస్తాను. పాలిథిన్ కవరు మాత్రం కప్పకండి. లోపల ఉక్క పట్టి, వాన చేసే నష్టం కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. గడ్డ మీద గోధుమరంగు మెత్తటి మచ్చ కనిపిస్తే మర్నాటికి వాయిదా వేయవద్దు. కాల్చిన కత్తితో తెల్లని గట్టి భాగం వచ్చే దాకా కోసి, బొగ్గుపొడి అద్ది, ఆరబెట్టి పొడి ఇసుకలో పెట్టండి. ఇలా కోసిన గడ్డ సగమే మిగిలినా పక్క కన్ను నుంచి మొలకెత్తవచ్చు, నేను చూశాను.

ఫర్టిలైజర్ షాపులో అడిగితే ముందు జాగ్రత్తగా కార్బెండజిమ్ అనే బూజు మందు పోయమంటారు. రోగం లేని కుండీలో పోయకండి. అది మంచి బూజు, చెడ్డ బూజు అని తేడా చూడదు. యూరియా అసలు వద్దు. ఆకులు విచ్చుకున్నాక నీళ్లలో కరిగే ఎరువును డబ్బా మీద రాసిన మోతాదులో నాలుగో వంతు, పదిహేను రోజులకోసారి ఇస్తే సరిపోతుంది. నీళ్లు వాననీళ్లయితే మంచిది. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, కుండీ అంచున తెల్లని పొర కట్టేది అదే. డ్రమ్ములో వాననీళ్లు పడితే దోమలు గుడ్లు పెట్టకుండా గుడ్డ కట్టండి.

మొలక లేతగా ఉన్నప్పుడు నత్తలు ఒక్క రాత్రిలో నున్నగా గీకేస్తాయి. ఒక గడ్డకు ఏడాదికి ఒకటో రెండో మొలకలే కాబట్టి ఒకటి పోవడం చిన్న నష్టం కాదు. చీకటి పడ్డాక టార్చ్ వేసి ఏరేయాలి. నత్తల మీద ఉప్పు చల్లే అలవాటు ఉన్నవాళ్లు కుండీ దగ్గర ఆ పని చేయకండి, వేర్లు మాడతాయి. ఎండిన పొరల కింద పిండినల్లి దాక్కుంటుంది. చీమల బారు కనిపిస్తే అది ఉన్నట్టే. పొరలు మెల్లగా ఒలిచి, సబ్బునీళ్లలో కొద్దిగా వేపనూనె కలిపి దూదితో తుడవండి. ఎలుకలు, పందికొక్కులు తిరిగే చోట కుండీల మీద ఇనుప జాలి వేయాల్సిందే.

మీ చేతుల సంగతి కూడా చూసుకోండి. వానలు మొదలయ్యాక కుండీల కింద, ఇటుకల సందుల్లో తేళ్లు చేరతాయి. కుండీని అడుగున చేయి పెట్టి ఎత్తకండి, ముందు కర్రతో పక్కకు జరిపి చూడండి. పెరట్లో గడ్డి పీకేటప్పుడు చెప్పులు, గ్లౌజులు ఉండాలి. పాము కరిస్తే మంత్రాలు, గాట్లు అంటూ ఆగకుండా నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి.

వెలుగు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. యులోఫియాకు పొద్దుటి ఎండ నాలుగైదు గంటలు తగిలితే ఆకులు నిటారుగా ఉంటాయి. నీడ ఎక్కువైతే సాగి వాలతాయి.

బతుకమ్మకు గునుగు, తంగేడు కోయడానికి చెలకల వెంట, అడవి అంచున తిరిగేటప్పుడు అడుగు చూసి వేయండి. హబెనేరియా పూసి కాయ కట్టే రోజులవి. నేలకు అతుక్కున్న రెండు ఆకుల మధ్య తెల్లని పూలకంకి కనిపిస్తే పిల్లలతో పీకించకండి, ఫోటో తీసుకోమనండి. ఆ మొక్క ప్రతి ఏడూ పాత గడ్డను ఖర్చు పెట్టి, పక్కనే వచ్చే ఏటికి కొత్త గడ్డ కట్టుకుంటుంది. ఆకులు తమంతట తాము పండి రాలక ముందే తెంపితే ఆ కొత్త గడ్డ నిండదు.

కుండీలోని యులోఫియాకూ అంతే. చలికాలంలో ఆకులు పసుపెక్కుతుంటే అందంగా లేవని కత్తిరించకండి, ఆ పచ్చదనం గడ్డలోకి దిగుతోంది. ఆకులు ఎండాక నీళ్లు ఆపేసి, కుండీని వాన తగలని చోట పెట్టి, పలక ముక్క మీద పేరు రాసి గుచ్చండి. మా అమ్మ కోసం నేను దాని కింద ఇంకో మాట కూడా రాశాను: "బతికే ఉంది."