సబ్‌నాటికాలో మొదటి పావుగంట

తిరుపతిలో మా వీధి కుర్రాళ్ళు ఆడుతుండగా గమనించినంతలో, సముద్రం అడుగున సాగే వీడియో గేమ్ సబ్‌నాటికాలో తొలి మరణం పెద్ద జంతువు నోట పడి కాదు, ఊపిరి చాలకనే సంభవిస్తుంది. 2022లో జిల్లాల విభజనతో తిరుపతి జిల్లాకు సముద్రతీరం దక్కింది గానీ, ఊళ్ళో చాలామందికి నీళ్ళతో పరిచయం పుష్కరిణి మునకల దాకానే. అయితే ఈ ఆటకు ఈత రావలసిన పని లేదు, లెక్క తెలిస్తే చాలు.

అన్‌నోన్ వరల్డ్స్ సంస్థ 2018 జనవరిలో పూర్తి రూపంలో విడుదల చేసిన ఈ ఆటలో, 4546బి అనే సముద్రగ్రహం మీద అరోరా అనే అంతరిక్ష నౌక కూలిపోగా, మీరు లైఫ్‌పాడ్ అనే ఒక చిన్న ప్రాణరక్షక గదిలో ఒంటరిగా మిగులుతారు. కళ్ళు తెరవగానే పాడ్‌లో మంట కనిపిస్తుంది. అక్కడే ఉన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్‌తో దాన్ని ఆర్పి, స్టోరేజీలోని తిండి, నీళ్ళు చూసుకున్న తరువాతే దిగువ తలుపు తెరవాలి.

మొదట్లో మీకు ఉండేది 45 సెకన్ల ఊపిరి. దానిలో సగం అయిపోగానే, చేతికందేంత దూరంలో ఏమున్నా సరే, పైకి తిరగాలి. బయట నేరుగా పైకి వస్తే గాలి దొరుకుతుంది గానీ, గుహలో దారి వంకరగా ఉంటుంది కనుక అక్కడ ఇంకా ముందే వెనుదిరగాలి. ఊపిరి తగ్గిందని ఆట హెచ్చరించేదాకా ఆగవచ్చునని కొందరు వాదిస్తారు. ఒక్కసారి చనిపోతే ఆట ముగిసిపోయే హార్డ్‌కోర్ పద్ధతిలో ఆ హెచ్చరికలే ఉండవు కనుక ఆ అలవాటు చేసుకోకపోవడమే మేలు.

కాబట్టి మొట్టమొదట తయారు చేయవలసింది ఆక్సిజన్ ట్యాంకు. దానికి మూడు టైటానియం ముక్కలు సరిపోతాయి, ఊపిరి 75 సెకన్లకు పెరుగుతుంది. అడుగున పడి ఉన్న నౌక తుక్కులో ఒక్కొక్క ముక్క పాడ్‌లోని తయారీ యంత్రమైన ఫ్యాబ్రికేటర్‌లో నాలుగు టైటానియం అవుతుంది; అందువల్ల లైమ్‌స్టోన్ గడ్డలను ఒక్కొక్కటిగా పగలగొట్టుకుంటూ కూర్చోవడం కన్నా తుక్కు ఏరడమే తెలివైన పని. అయితే రాగి కోసం మాత్రం ఆ గడ్డలను పగలగొట్టక తప్పదు. ఒక రాగి ముక్కకు రెండు యాసిడ్ పుట్టగొడుగులు చేరిస్తే బ్యాటరీ వస్తుంది, బ్యాటరీకి ఒక టైటానియం చేరిస్తే స్కానర్ వస్తుంది. కనిపించిన ప్రతి విరిగిన యంత్రపు ముక్కనూ స్కాన్ చేయండి, ఆ యంత్రాన్ని తయారుచేసే విధానం తెలుస్తుంది.

తరువాత పొడవాటి సముద్రపు మొక్కలుండే కెల్ప్ అడవిలోకి వెళ్ళి, ఆ మొక్కలకు (క్రీప్‌వైన్) కాసే, పసుపుపచ్చగా వెలిగే విత్తనాల గుత్తులు రెండు తెచ్చుకోండి. ఒక్కొక్క గుత్తికి రెండు సిలికోన్ రబ్బర్లు వస్తాయి. వాటిలో రెండు ఈతరెక్కలకూ, ఒకటి కత్తికీ, ఒకటి రిపేర్ టూల్‌కూ పోతాయి. ఆ అడవిలో స్టాకర్లనే కరిచే జంతువులు తిరుగుతుంటాయి కనుక తీసుకోవలసింది తీసుకుని వెంటనే వెనక్కి రండి.

రిపేర్ టూల్‌కు గంధకం కూడా కావాలి, కొత్తవాళ్ళు కంగారుపడేది ఇక్కడే. తక్కువ లోతు గుహల్లో మొగ్గలాంటి మొక్క విచ్చుకుని, అందులోంచి క్రాష్‌ఫిష్ అనే చేప అరుస్తూ మీ మీదికి దూసుకొచ్చి పేలిపోతుంది. దానితో పోరాడకండి. మొక్క దగ్గరికి వెళ్ళి చేప కదలగానే వెనక్కి తగ్గితే, అది ఖాళీ నీళ్ళలోనే పేలుతుంది; ఆపైన నింపాదిగా వెళ్ళి మొక్కలోని పసుపు పొడి తీసుకోవచ్చు.

ఆకలిదప్పుల గురించి మొదట్లో పెద్దగా బెంగ అక్కర లేదు. పీపర్ అనే చిన్న చేపను వండితే తిండి, బ్లాడర్‌ఫిష్ అనే చేపను ఫ్యాబ్రికేటర్‌లో వేస్తే తాగునీరు.

మండుతున్న అరోరా వైపు మాత్రం ఇప్పుడే వెళ్ళకండి. కొంతసేపటికి దాని రియాక్టర్ పేలి చుట్టూ రేడియేషన్ వ్యాపిస్తుంది, సీసంతో చేసిన సూట్ లేనిదే దగ్గరికి పోలేము. పైగా ఆ చుట్టుపక్కల రీపర్ లెవియాథన్లనే భారీ వేటజంతువులు ఉంటాయి. ఇంకొక సంగతి, ఈ ఆట తనంతట తాను సేవ్ చేసుకోదు. ఈదురుగాలి లేస్తే కరెంటు పోయే వేసవి సాయంత్రాల్లో మన ఊళ్ళో ఆడేవాళ్ళు పాడ్‌లోకి తిరిగి వచ్చిన ప్రతిసారీ సేవ్ చేయడం తప్పనిసరి.

రిపేర్ టూల్‌తో పాడ్‌లోని చెడిపోయిన భాగాలను బాగుచేస్తే రేడియో పలకడం మొదలవుతుంది. సందేశాల్లో చెప్పిన చోట్లకు బయలుదేరేముందు లోతు చూసుకోండి, ఎందుకంటే ఊపిరి ఆదా చేసే రీబ్రీదర్ అనే ముసుగు లేకుండా 100 మీటర్లు దాటితే ఊపిరి మరింత వేగంగా ఖర్చవుతుంది.